పాఠకుల ప్రశ్నలు: మజ్జిగ పలచనా, పొలం పలచనా?

పోయిన నెల ఈ శీర్షికలో మెషిన్ లెర్నింగ్ గురించి రాస్తూ, "డేటాలో వేల అంకెలున్నా నిజంగా పని చేసేవి కొన్నే" అని ఒక్క మాట అనేసి ముందుకు వెళ్ళిపోయాను. వ్యాసం మొత్తానికి రానన్ని ఉత్తరాలు ఆ ఒక్క మాటకే వచ్చాయి. అందుకని ఈ నెల వేరే ప్రశ్నలు పక్కన పెట్టి అన్నీ దాని మీదవే తీసుకున్నాను. బ్లాక్‌హోల్స్ గురించి అడిగిన వాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్, మాకు ఫైనల్ ఇయర్‌లో స్పార్స్ రిప్రజెంటేషన్ అనే పాఠం ఉంది. సర్ బోర్డు నిండా సూత్రాలు రాసి "ఎక్కువ సున్నాలు రావాలి, అంతే" అన్నారు. సున్నాలు వస్తే లాభం ఏంటి? డిక్షనరీని నేర్చుకోవడం అంటే ఏంటి?
బీటెక్ విద్యార్థిని, భీమవరం

జవాబు: సున్నాల దగ్గర మొదలుపెడితే ఇది ఎవరికీ ఎక్కదమ్మా. అచ్చాఫీసు దగ్గర మొదలుపెడదాం.

మా నాన్న తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్. బడి అయ్యాక నేను అక్కడే ఒక స్టూలు మీద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. ఆయన ముందు ఏటవాలుగా ఒక చెక్క పెట్టె ఉండేది. దాన్ని కేసు అనేవారు. దాని నిండా గళ్ళు. అక్షరాలు కొన్ని గళ్ళలో, ఒత్తులు వేరే గళ్ళలో, దీర్ఘాలూ కొమ్ములూ ఇంకో పక్క. "స్త్రీ" అని కూర్చాలంటే ఆయన చెయ్యి మూడు నాలుగు గళ్ళ మీదికి వెళ్ళి వచ్చేసేది. మిగతా వందల గళ్ళతో ఆ మాటకు పని లేదు. ఇప్పుడు ప్రతి గడికీ ఒక అంకె చొప్పున, ఆ మాటకు ఏ గడిలోంచి ఎన్ని ముక్కలు తీశారో పట్టీ రాశారనుకో. ఆ పొడవాటి పట్టీలో మూడు నాలుగు చోట్ల తప్ప అంతా సున్నాలే. మీ సర్ చెప్పిన సున్నాలు అవే. పెట్టె పేరు డిక్షనరీ, ఒక్కో గడిలోని ముక్క పేరు ఆటం, పట్టీ పేరు కోడ్. సూత్రాల్లో ఉన్నవి ఈ మూడే.

ఇక నేర్చుకోవడం. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే మా ప్రెస్సుకు శుభలేఖలు తప్ప వేరే పని ఉండేది కాదు. ప్రతి కార్డు నెత్తిన "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" ఉండాల్సిందే. మొదటి నాలుగు రోజులు నాన్న ఆ వరసను ప్రతిసారీ ముక్క ముక్కగా కూర్చి, అచ్చయ్యాక విప్పి గళ్ళలో వేసేవారు. ఐదో రోజు నుంచి విప్పడం మానేశారు. ఆ వరసను దారంతో కట్టి ఒక పక్కన పెట్టుకున్నారు. తర్వాత "చి||"కి ఒకటి, "చి.ల.సౌ."కి ఒకటి అలాగే కట్టి పెట్టారు. పెట్టెలో గళ్ళు పెరిగినట్టయింది కానీ, కార్డు కూర్చడానికి తీయాల్సిన ముక్కలు తగ్గాయి. ఏ వరసను కట్టి పెట్టుకోవాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. వచ్చిన కార్డులే చెప్పాయి. డిక్షనరీ లెర్నింగ్ అంటే ఇదే. మీ పుస్తకంలో ఓవర్‌కంప్లీట్ అని భయపెట్టే మాట ఒకటి ఉంటుంది చూడు, అవసరానికి మించి ముక్కలున్న పెట్టె అని దానర్థం.

ఎన్నికలు వచ్చి కరపత్రాలు మొదలైనప్పుడు "శ్రీరస్తు" కట్ట మూల పడి దుమ్ము పట్టేది. ఇదీ గుర్తుపెట్టుకో. ఒక రకం డేటా మీద నేర్చిన డిక్షనరీ ఇంకో రకానికి అంతగా పనికిరాదు.

ఇప్పుడు ఫోటోలకు వద్దాం. 8×8 చుక్కల చదరపు ముక్క ఒకటి తీసుకుంటే, ఒక్కో చుక్క వెలుగుకు ఒకటి చొప్పున అందులో 64 అంకెలు. ఆ 64 అంకెలూ లాటరీ తీసినట్టు ఏవో వచ్చాయనుకో, పాత దూరదర్శన్‌లో ప్రసారం అయిపోయాక తెర మీద చీమలు పాకేవే, అలా ఉంటుంది. నిజం ఫోటోలో ముక్క అలా ఉండదు. గోడ అంచో, చీర మడతో, నున్నటి ఆకాశమో ఉంటుంది. అంటే 64 అంకెల్లో స్వేచ్ఛ ఉన్నట్టు కనిపిస్తుంది కానీ ఉండదు. సరైన ఆటంలు దొరికితే మూడో, ఐదో కలిపి ఆ ముక్కను దాదాపు గీసేయవచ్చు.

ఏ ఐదు అన్నదే చిక్కు. పెట్టెలో 256 ఆటంలు ఉంటే, వాటిలో ఐదింటిని ఎంచుకునే తీరులు 880 కోట్ల పైనే. సెకనుకు పది లక్షల చొప్పున పరీక్షించినా ఒక్క ముక్కకు రెండున్నర గంటలు పడుతుంది. 512×512 ఫోటోలో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండే 8×8 ముక్కలు 2,55,025. లెక్క కట్టాను, 71 ఏళ్ళు. అందుకని అన్నీ చూడకుండా అత్యాశతో పోతాం: ముక్కకు అన్నింటికన్నా బాగా సరిపోయే ఆటం ఒకటి తీసుకుని, దాన్ని ముక్కలోంచి తీసేసి, మిగిలిన దానికి సరిపోయేది ఇంకోటి వెతకడం. ఈ మ్యాచింగ్ పర్సూట్ పద్ధతిని 1993లో మల్లా, జాంగ్ ప్రచురించారు. ఎప్పుడూ శ్రేష్ఠమైన జవాబే వస్తుందని హామీ లేదు, కానీ మన జీవితకాలంలో వస్తుంది.

నేర్చుకునేటప్పుడు రెండు పనులు మార్చి మార్చి చేస్తారు. పెట్టెను కదలనీయకుండా ఉంచి ప్రతి ముక్కకూ కోడ్ కనుక్కోవడం ఒకటి. ఆ కోడ్‌లను కదలనీయకుండా ఉంచి, తప్పు తగ్గేలా పెట్టెలోని ఆటంలను సవరించడం రెండోది. మళ్ళీ మొదటిది. పగలు కూర్చడం, సాయంత్రం గళ్ళు సర్దుకోవడం. 2006లో ఇజ్రాయెల్‌లోని టెక్నియన్ వాళ్ళు ముగ్గురు, అహరోన్, ఎలాడ్, బ్రక్‌స్టైన్, కె-ఎస్‌విడి అనే పద్ధతి ఇచ్చారు. అందులో ఆటంలను ఒక్కొక్కటిగా, ఆ ఆటంను వాడుకున్న ముక్కలను మాత్రమే చూసి సవరిస్తారు. నువ్వు ప్రాజెక్టుకు ఏదైనా ఎంచుకోవాలంటే అక్కడ మొదలుపెట్టు. ఆ ఏడే వాళ్ళలో ఇద్దరు దీన్ని చీమలు కమ్మిన ఫోటోలను శుభ్రం చేయడానికి వాడారు. ఎందుకు పని చేస్తుందో ఈపాటికి నీకే తెలిసి ఉంటుంది. ఫోటో ఐదు ఆటంలతో సరిపెట్టుకుంటుంది. చీమలు సరిపెట్టుకోవు, వాటికి పెట్టె మొత్తం కావాలి. ఐదింటితో ఆపేస్తే చాలామటుకు చీమలు బయటే ఉండిపోతాయి.

ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. 1950ల చివర్లో హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు పిల్లి మెదడులో చూపుకు సంబంధించిన కణం పక్కన తీగ పెట్టి, దాని కళ్ళ ముందు చుక్కలు చూపిస్తూ కూర్చున్నారు. కణం ఉలకలేదు, పలకలేదు. స్లయిడు మారుస్తుంటే దాని గాజు అంచు నీడ గీతలా తెర మీద జరిగింది, కణం టపటపా మోగింది. దానికి కావాల్సింది చుక్క కాదు, ఒక వాలులో ఉన్న గీత. ఈ వరసలో చేసిన పనికి వాళ్ళకు 1981లో నోబెల్ వచ్చింది. తర్వాత 1996లో ఓల్స్‌హౌసెన్, ఫీల్డ్ అనే ఇద్దరు పది ప్రకృతి ఫోటోలు తీసుకుని, 16×16 ముక్కలు కోసి, "తక్కువ ఆటంలతో గీయగలిగేలా పెట్టె తయారు చెయ్" అని మాత్రమే కంప్యూటర్‌కు చెప్పారు. పిల్లి సంగతి చెప్పలేదు. నేర్చుకున్నాక పెట్టె తెరిచి చూస్తే గళ్ళ నిండా వాలు గీతలు! ఆ బొమ్మను నేను మొదటిసారి చూసిన రోజు భోజనం సంగతి మర్చిపోయాను.

ప్రశ్న: అమ్మా, స్పార్స్ అనే ఇంగ్లీషు మాటను మీరు అలాగే వాడుతున్నారు. "విరళ" అనవచ్చు కదా? ఇంజనీరింగ్ చదివే మా మనవడు "పలచన అంటే సరిపోతుంది తాతయ్యా" అంటున్నాడు. ఎవరిది ఒప్పు?
విశ్రాంత తెలుగు పండితులు, అనకాపల్లి

జవాబు: మాస్టారూ, నమస్కారం. మాటగా మీదే ఒప్పు. కానీ మీ మనవడి మాట వల్ల నాకో మంచి పాఠం దొరికింది. అతనికి నా తరఫున ఒక కాఫీ ఇప్పించండి.

పలచన రెండు రకాలు. మజ్జిగ పలచన ఒకటి: నీళ్ళు పోస్తే ప్రతి చుక్కా చిక్కదనం తగ్గుతుంది, ఏ చుక్కా మాయం కాదు. పొలం పలచన ఇంకోటి: కలుపూ, బలహీనమైన మొక్కలూ పీకేస్తారు, మిగిలినవి ఏపుగా నిలుస్తాయి. స్పార్స్ అంటే రెండోది. మొదటిది కానే కాదు. గణితంలో ఈ రెండింటికీ రెండు వేర్వేరు శిక్షలున్నాయి (శిక్ష అంటే లెక్క కట్టేటప్పుడు అంకెలు పెద్దవైన కొద్దీ వేసే జరిమానా), పిల్లలు తికమక పడేది సరిగ్గా ఇక్కడే.

లెక్క చూడండి. నాలుగు అంకెలు: 5, 0.4, −3, 0.2. ఎల్-టూ అనే శిక్ష అంకె వర్గాన్ని బట్టి పడుతుంది. ఒక మోతాదులో వేస్తే ఇవి 2.5, 0.2, −1.5, 0.1 అవుతాయి. అన్నీ సగమయ్యాయి, ఒక్కటీ సున్నా కాలేదు. మజ్జిగ. ఎల్-వన్ అనే శిక్ష అంకె పరిమాణాన్ని బట్టి పడుతుంది. 0.5 మోతాదులో వేస్తే 4.5, 0, −2.5, 0 వస్తాయి. అర కన్నా చిన్నవి సున్నా. ఇది కలుపు తీత. మొదటి దానిలో అంకె చిన్నదవుతున్న కొద్దీ దాని వర్గం మరీ చిన్నదైపోతుంది, ఇక దాన్ని నెట్టే బలమే ఉండదు. రెండో దానిలో సున్నాను తాకే దాకా ఒకే బలంతో నెడుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

కలుపు తీసేవాళ్ళు కూలీ ఊరికే పోనివ్వరు సుమండీ. 5 కాస్తా 4.5 అయింది, −3 కాస్తా −2.5 అయింది. నిలబడ్డ మొక్కల నుంచి కూడా తలా అర పట్టుకుపోయారు. అందుకే చాలామంది ముందు దీనితో ఎంపిక చేసుకుని, ఎంపికైన వాటితో శిక్ష లేకుండా మళ్ళీ లెక్క కడతారు.

"విరళ" నాకు ఇష్టమే. కానీ క్లాసులో వాడితే పిల్లలు "అవిరళ" అని ఆట పట్టిస్తారు. ఈ శీర్షికలో స్పార్స్ అనే ఉండనివ్వండి.

ప్రశ్న: కంపెనీలో ఇళ్ళ అద్దెలు అంచనా వేసే మోడల్‌కు లాసో వాడుతున్నాను. 400 కాలమ్‌లు ఉంటే 30 దాకా మిగుల్చుతోంది. బానే ఉంది. కానీ పోయిన నెల చదరపు అడుగులు ముఖ్యం అంది, ఈ నెల అది తీసేసి గదుల సంఖ్య అంటోంది. మేనేజర్ కారణం అడిగితే ఏం చెప్పాలో తెలీక టెన్షన్‌గా ఉంది.
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: మోడల్ అబద్ధం చెప్పలేదు. మీరు దాన్ని అడగకూడని ప్రశ్న అడిగారు.

లాసో పద్ధతిని 1996లో టిబ్‌షిరానీ ప్రచురించారు (ఓల్స్‌హౌసెన్ వాళ్ళ పేపరు కూడా ఆ ఏడే, గమ్మత్తుగా ఉంటుంది నాకు). అది పైన పండితులవారికి చెప్పిన ఎల్-వన్ శిక్షే. చదరపు అడుగులూ, గదులూ కవల పిల్లల్లాంటివి, ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుంది. ఇద్దరిలో ఒకరు వస్తే పని జరిగిపోతుందనుకున్నప్పుడు లాసో ఒకరినే పిలుస్తుంది. ఎవరిని అన్నది ఆ నెల డేటాలోని చిన్న ఒడుదొడుకు తేల్చేస్తుంది. కాబట్టి "గదులు ముఖ్యం, అడుగులు కావు" అని మేనేజర్‌కు చెప్పకండి. "ఈ రెండింటి గుంపు ముఖ్యం" అని చెప్పండి. కవలలను కలిపి ఉంచాలంటే 2005లో జౌ, హేస్టీ ఇచ్చిన ఎలాస్టిక్ నెట్ ఉంది, దానిలో కాస్త మజ్జిగ, కాస్త కలుపు తీత కలిసి ఉంటాయి. నేనైతే ఇంకో పని కూడా చేస్తాను. డేటాలోంచి సగం వరసలు లాటరీ తీసి లాసో నడపడం, అలా వందసార్లు చేసి ఏ కాలమ్ ఎన్నిసార్లు నిలిచిందో లెక్కపెట్టడం. 90 సార్లు నిలిచిన దాని గురించి ధైర్యంగా మాట్లాడవచ్చు. 40 సార్లు నిలిచిన దాని గురించి నోరు మెదపకపోవడం మంచిది.

ఇంకో మాట, మీరు అడగలేదు కానీ. కాలమ్‌లను ఒకే కొలతకు తెచ్చారా? ఈ ప్రశ్న ఎందుకు వేస్తున్నానంటే నేను దీనివల్ల పరువు పోగొట్టుకున్నదాన్ని.

చాలా ఏళ్ళ కిందట అనంతపురం జిల్లా వేరుశనగ దిగుబడి మీద ఒక చిన్న అధ్యయనం చేశాను. ఎరువులు, విత్తన రకం, విత్తిన తేదీ, వాన, ఇంకా బోలెడు. లాసో నడిపాను. ముచ్చటగా ఆరు కాలమ్‌లు మిగిలాయి. స్లయిడ్లు చేసుకుని ఒక సమావేశంలో చెప్పాను. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, రైతు, లేచి అడిగాడు: "అయితే మేడమ్, ఇక వాన పడకపోయినా ఫర్వాలేదంటారా?" స్లయిడ్ వైపు చూశాను. ఆరింటిలో వాన లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చొప్పున కూడా గ్యారంటీ లేని చోట, బోర్లు కూడా లేని చేలలో, వానతో పని లేదని నేను తేల్చేశాను.

ఇంటికొచ్చి ఫైలు తెరిస్తే ఎవరో వానను మీటర్లలోకి మార్చి పెట్టారు. 550 కాస్తా 0.55 అయింది. కాలమ్‌లో అంకెలు అంత చిన్నవైతే, అదే ప్రభావం చూపించడానికి గుణకం, అంటే ఆ కాలమ్‌ను మోడల్ హెచ్చించే అంకె, వెయ్యి రెట్లు పెద్దది కావాలి. ఎల్-వన్ శిక్ష గుణకం పరిమాణం మీదే కదా పడేది! దాంతో వానకు వెయ్యి రెట్ల శిక్ష పడి, పాపం, బయటికి పోయింది. ఫైలు మార్చిన వాళ్ళను ఏమీ అనలేదు, చూసుకోవాల్సింది నేను. ప్రతి కాలమ్‌నూ దాని సగటు తీసేసి, దాని ప్రామాణిక విచలనంతో (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలతతో) భాగించి ఇస్తే ఈ గొడవ ఉండదు. రెండు లైన్ల కోడ్.

ప్రశ్న: మేడమ్ గారూ, మా ఆయనకు మోకాలికి ఎంఆర్‌ఐ తీశారు. మూడేళ్ళ కిందటి కన్నా చాలా త్వరగా అయిపోయింది. అడిగితే అక్కడి టెక్నీషియన్ "కొత్త మిషన్ కొంచెమే తీసి మిగతాది లెక్కతో నింపుతుంది" అన్నాడు. లెక్కతో నింపిన బొమ్మను నమ్మి ఆపరేషన్ చేయించుకోవాలా?
గృహిణి, గుంటూరు

జవాబు: ఆపరేషన్ సంగతి మీ డాక్టరు గారే చెప్పాలి. ఎంఆర్‌ఐ త్వరగా అవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. ఆ అబ్బాయి చెప్పింది మాత్రం కంప్రెస్డ్ సెన్సింగ్ గురించి అయి ఉంటుంది. "నింపుతుంది" అన్న మాటే మిమ్మల్ని భయపెట్టింది.

ఎంఆర్‌ఐ మిషన్ కెమెరాలా ఫోటో తీయదు. బొమ్మలో ఏ ఏ అలలు ఎంతెంత ఉన్నాయో వరస వెంట వరస కొలుస్తుంది, తర్వాత ఆ అలలను కలిపితే బొమ్మ వస్తుంది. ఒక్కో వరసకు సమయం పడుతుంది, మోకాలు కదపకుండా పడుకోవాల్సింది అందుకే. 2006లో కాండెస్, రోంబర్గ్, టావో ఒక పేపరులో, డోనహో ఇంకో పేపరులో చెప్పింది ఏమిటంటే: బొమ్మ స్పార్స్ అయితే అన్ని వరసలూ కొలవక్కర్లేదు. కాండెస్ వాళ్ళు తల అడ్డుకోతలా ఉండే ఒక పరీక్ష బొమ్మ తీసుకున్నారు, 512×512ది. మధ్యలోంచి నక్షత్రంలా పోయే 22 గీతల మీది కొలతలే ఉంచారు. మొత్తంలో అది ఇరవయ్యో వంతు కూడా కాదు. పాత పద్ధతిలో ఆ కొలతలతో మరకల బొమ్మ వచ్చింది. "ఈ కొలతలతో సరిపోయే బొమ్మలన్నింటిలో వెలుగు మార్పులు అతి తక్కువగా ఉన్నది చూపించు" అని అడిగితే అసలు బొమ్మ ఉన్నది ఉన్నట్టు వచ్చింది.

ఇది ఊహించి గీయడం లాంటిది కాదు. వంటింట్లో డబ్బాల మీద పేర్లు చెరిగిపోయినా, సాంబారు రుచి చూసి "ఇందులో ఇంగువ ఉంది, మెంతులు ఉన్నాయి" అని మీరు చెప్పగలరు కదా. పోపుల పెట్టెలో ఉన్న పదిహేనింటిలో సాంబారులో పడేవి నాలుగైదే అని తెలుసు కాబట్టి చెప్పగలరు. సాంబారులో పదిహేనూ వేసే ఇల్లైతే మీ నాలుక కూడా తడబడుతుంది. అసలు మోకాలి బొమ్మ ఆ పరీక్ష బొమ్మంత సులువు కాదు, చిన్న చిన్న వివరాలు ఉంటాయి. కొలతలు మరీ తగ్గించేస్తే సన్నటి, మసకటి వివరాలు చెరిగిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. ఎంతవరకు తగ్గించవచ్చో పరీక్షించి చూశాకే వాడతారు. రోగుల స్కాన్‌ల మీద దీన్ని చేసి చూపిన లస్టిగ్ వాళ్ళ పేపరు 2007లో వచ్చింది, అమెరికాలో కంపెనీల మిషన్లకు అనుమతులు 2017లో మొదలయ్యాయి. మధ్యలో పదేళ్ళు ఊరికే పోలేదు.

మీ అనుమానం తీరకపోతే డాక్టరు గారిని "బొమ్మ స్పష్టంగా ఉందా, మళ్ళీ తీయాలా?" అని నేరుగా అడగండి. అడిగితే ఏమీ అనుకోరు.

ప్రశ్న: అక్కా, లాంగ్వేజ్ మోడల్స్ లోపల ఏం జరుగుతుందో చూడటానికి స్పార్స్ ఆటోఎన్‌కోడర్లు వాడుతున్నారని చదివాను. మీరు చెప్పే డిక్షనరీ లెర్నింగూ ఇదీ ఒకటేనా?
డల్లాస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: దానికి ఇది మనవడు తమ్ముడూ. పోలికలన్నీ తాతవే.

మోడల్ లోపల ఒక్క న్యూరాన్‌ను (ఒక అంకెను లెక్కగట్టి ఇచ్చే చిన్న భాగాన్ని) చూస్తే అది పది సంబంధం లేని విషయాలకు మోగుతుంది. మాటలు అచ్చయి ఉన్నాయి కానీ ముక్కలు ఎక్కడ విడిపోతాయో తెలీదు. అందుకని న్యూరాన్ల అంకెలను డేటాగా తీసుకుని, వాటికంటే చాలా పెద్ద డిక్షనరీని, ఒక్కసారికి కొన్ని ఆటంలే వాడాలనే షరతుతో నేర్పిస్తారు. ఆంత్రోపిక్ కంపెనీ వాళ్ళు 2023 అక్టోబరులో ఒకే పొర ఉన్న చిన్న మోడల్‌లో 512 న్యూరాన్లను 4,000 పైచిలుకు ఆటంలుగా విడదీశారు. 2024 మేలో క్లాడ్ 3 సానెట్ అనే పెద్ద మోడల్ మీద 3 కోట్ల 40 లక్షల ఆటంల డిక్షనరీ దాకా వెళ్ళారు. అందులో ఒకటి గోల్డెన్ గేట్ బ్రిడ్జి ప్రస్తావన వస్తే మోగేది. దాన్ని బలవంతంగా పెంచితే ఆ మోడల్ తానే ఆ వంతెననని చెప్పుకుంది. తేడా ఒక్కటే చెబుతాను: పాత పద్ధతిలో ప్రతి ముక్కకూ కోడ్ కోసం విడిగా వెతకాలి, ఇక్కడ ఎన్‌కోడర్ అనే భాగం ఒక్క గుణకారంతో కోడ్ ఇచ్చేస్తుంది. వేగం కోసం కాస్త నాణ్యత వదులుకున్నట్టు.

నా అనుమానాలు నాకున్నాయి. డిక్షనరీ పెద్దది చేస్తే ఒక ఆటం నాలుగుగా చీలుతుంది. మరి అసలైన ముక్క ఏది? ఆటం మీద "వంతెన" అని చీటీ అంటించేది కూడా మనమే, మోడల్ కాదు.

మీరు డల్లాస్‌లో ఉన్నారు కాబట్టి ఒక మాట. పక్కనే ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయంలో కామిశెట్టి రామమోహన రావు గారు దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. 1974లో నసీర్ అహ్మద్, నటరాజన్, రావు కలిసి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ పేపరు రాశారు. జేపెగ్ ఫోటో ప్రతి 8×8 ముక్కనూ 64 కొసైన్ అలలుగా విడదీసేది దాంతోనే. చాలా ముక్కల్లో వాటిలో ఎక్కువ భాగం సున్నాకు పోతాయి, వాట్సాప్‌లో మీ అమ్మ గారు పంపే పూల ఫోటో అంత చిన్నగా ఉండేది అందుకే. అది నేర్చుకున్న పెట్టె కాదు, ముందే పోతపోసిన పెట్టె. అందరికీ ఒకటే. అయినా యాభై ఏళ్ళుగా నడుస్తోంది.

ప్రశ్న: మేడమ్, డిక్షనరీ లెర్నింగ్ నేనే సొంతంగా రాశాను. రాత్రంతా నడిపాను. కోడ్ అంకెలు ప్రతి రౌండుకూ తగ్గుతూ దాదాపు సున్నా అయిపోయాయి. శిక్ష తగ్గుతోంది, తప్పు పెరగట్లేదు. చూడ్డానికి అద్భుతంగా ఉంది. కానీ ఆటంల అంకెలు లక్షల్లోకి పోయాయి. ఎక్కడ తప్పు?
ఎంటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: నీకు అద్భుతం జరగలేదు బాబూ, నా వాన కథే జరిగింది, తలకిందులుగా. ఆటంను రెండింతలు చేసి కోడ్‌ను సగం చేస్తే బొమ్మ మారదు, శిక్ష మాత్రం సగమవుతుంది. కంప్యూటర్‌కు ఆ సందు దొరికింది, రాత్రంతా అదే పని చేసింది. ప్రతి రౌండు చివర ఒక్కో ఆటంను దాని పొడవుతో భాగించి పొడవు 1కి తెచ్చెయ్. మొదలుపెట్టే ముందు ప్రతి ముక్కలోంచి దాని సగటు వెలుగు తీసెయ్, లేకపోతే సగం ఆటంలు ఉత్త బూడిద రంగు నేర్చుకుని కూర్చుంటాయి. రెండు లక్షల ముక్కలూ ఒకేసారి ఇవ్వకు, కొన్ని వందల చొప్పున ఇస్తూ పో. పది నిమిషాలకోసారి ఆటంలను బొమ్మలుగా గీయించి చూడు. వాలు గీతలు కనిపిస్తే నడవనివ్వు. ఎవరూ వాడని ఆటం ఒకటి ఎప్పుడూ చీమల్లాగే ఉండిపోతే, దాని గడిలో సరిగ్గా గీయలేకపోయిన ఒక ముక్కను తెచ్చి వేసి మళ్ళీ మొదలుపెట్టు. ఈలోగా ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకు, బల్ల మీద పెట్టు.